మంచం ఎక్కడ వెయ్యాలి? నాటక విద్యార్థులకు రంగస్థల పరిభాష

“కుడివైపు నుంచి ఎంట్రీ ఇవ్వు” అని దర్శకుడు చెబితే, కుడి అంటే ఎవరి కుడి? నాటకాల్లోకి వచ్చిన కొత్తలో దాదాపు అందరూ తడబడే చోటు ఇదే. రంగస్థలం మీద కుడి, ఎడమ నటుడివి. ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడితే అతని కుడిచెయ్యి ఎటు ఉంటుందో అదే రంగస్థలం కుడి. కింద కుర్చీలో కూర్చుని రిహార్సల్ చేయించే దర్శకుడికి అది ఎడమవైపు కనిపిస్తుంది. అయినా అతనే మనసులో తిప్పుకుని నటుడి లెక్కలో చెప్పాలి. కదలాల్సింది నటుడు కాబట్టి మాట కూడా అతని వైపు నుంచే ఉండాలి.

నాటక పరిభాషలో చాలా భాగం ఇలాంటిదే. పాఠ్యపుస్తకంలో నిర్వచనాల వరసలా కనిపించే ఈ మాటలన్నీ ఆడేచోట ఎదురైన చిక్కుల్లోంచి వచ్చాయి. ఎవరు ఎవరికి కనిపించాలి? ఎవరి మాట ఎవరికి వినిపించాలి? ఏ సంగతి ఎవరికి ముందు తెలియాలి? ఈ మూడు ప్రశ్నలు దగ్గర పెట్టుకుంటే సగం పరిభాష బట్టీ పట్టకుండానే వచ్చేస్తుంది. మిగతా సగం రిహార్సల్ నేర్పుతుంది.

ఈ మాటలను వేసి చూసుకోవడానికి అందరికీ తెలిసిన నాటకం ఒకటి ఉంటే మేలు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ అందుకు బాగా పనికొస్తుంది. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు దాన్ని మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909 నాటికి గురజాడ దాన్ని ఏడు అంకాలకు పెంచి దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. ఇప్పుడు అందరూ చదివేదీ, ఆడేదీ ఆ రెండోదే.

వేదిక, చూపు

ఇప్పుడు ఆడిటోరియం అనగానే కళ్లముందుకొచ్చే వేదిక పేరు ప్రొసీనియం. మూడు వైపులా మూసి, ఎదుటివైపు ఒక్కటే తెరిచి ఉంటుంది. ఆ తెరిచిన వైపు చట్రం, దానికి ముందు తెర. పక్కల నటులు కనపడకుండా నిలబడే చోటు వింగ్స్. ఇటలీలోని పార్మాలో 1618లో కట్టిన ఫార్నేసే నాటకశాల ఈ రకానికి ఇప్పటికీ నిలిచి ఉన్న పాత ఉదాహరణ. మనకు ఈ పద్ధతి పందొమ్మిదో శతాబ్దం చివర్లో పార్శీ నాటక కంపెనీల వల్ల, వాటి దారి పట్టిన సమాజాల వల్ల వచ్చింది. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ఆడి వెళ్లాక, కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకాలు వేయించారు. రంగుల తెరలు, సైడ్ వింగ్స్ మన ఊళ్లకు అలవాటైంది ఆ రోజుల నుంచే.

అంతకు ముందు ఆట లేక కాదు. వీధి భాగవతంలో జనం మూడు వైపులా కూర్చునేవాళ్లు. అలాంటి వేదికను ఇప్పుడు థ్రస్ట్ అంటున్నాం. నాలుగు వైపులా జనం ఉంటే అరీనా. భాగవతంలో తెర అంటే ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకున్న గుడ్డ. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ఆ తెర వెనక నిలబడి ముందు జడ మాత్రమే బయటకు వేస్తుంది. మొహం కనిపించకముందే ఆవిడ గర్వం జనానికి తెలిసిపోతుంది. పాత్రప్రవేశం అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు. ఎంట్రీ అంటే వింగ్‌లోంచి నడిచి రావడంతో సరిపోదు, ప్రేక్షకుడికి ఆ పాత్ర మొదటిసారి ఎలా అందుతుందో అదంతా ఎంట్రీయే.

వేదికను అడ్డంగా కుడి, మధ్య, ఎడమ అనీ, లోతుగా దిగువ, మధ్య, ఎగువ అనీ విడగొడితే తొమ్మిది గళ్లు వస్తాయి. ప్రేక్షకులకు దగ్గరగా ఉన్నది దిగువ, అంటే డౌన్ స్టేజ్. దూరంగా ఉన్నది ఎగువ, అప్ స్టేజ్. పూర్వం యూరప్‌లో వేదికను వెనక ఎత్తుగా, ముందుకు వాలుగా కట్టేవాళ్లు. వాలు పోయినా మాట మిగిలింది. ఇందులోంచే ఇంకో మాట పుట్టింది. ఇద్దరు మాట్లాడుకుంటుండగా ఒకడు మెల్లగా ఎగువకు జరిగితే, అతనితో మాట్లాడడానికి రెండోవాడు ప్రేక్షకులకు వీపు తిప్పక తప్పదు. దీన్ని అప్‌స్టేజింగ్ అంటారు. తెలియక చేస్తే పొరపాటు, తెలిసి చేస్తే తోటి నటుడి సీను కొట్టేయడం. నాటక పరిషత్తుల పోటీల్లో రెండూ చూడొచ్చు.

కొలతల గురించి భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పింది ఇవాళ్టి ఆడిటోరియాలు కట్టేవాళ్లకూ పనికొస్తుంది. మధ్యమంగా ఉండే దీర్ఘచతురస్రపు నాటకశాలకు ఆయన ఇచ్చిన కొలత 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు. హస్తం అంటే మూర, సుమారు అడుగున్నర. అంటే 96 అడుగులకు 48. అందులో ముందు సగం ప్రేక్షకులకు. వెనక సగంలో నటించే చోటు, దాని వెనక వేషాలు వేసుకునే నేపథ్యగృహం. ఇంతకంటే పెద్దది ఎందుకు వద్దో కారణం కూడా చెప్పాడు: మాట స్పష్టంగా వినపడదు, నటుడి ముఖంలో భావం కనపడదు. మైకు వచ్చాక మొదటి ఇబ్బంది తీరింది. రెండోది అలాగే ఉంది. వెయ్యిమంది పట్టే హాల్లో చివరి వరసవాడికి కనుబొమ కదలిక కనిపించదు, అక్కడ ఆడేటప్పుడు అభినయం కొలత మారాల్సిందే.

ఇక బ్లాకింగ్. నటులు ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు ఎటు కదలాలి అన్నది ముందే నిర్ణయించి రాసుకోవడం. చెప్పడానికి ఇంతే, చేయడానికి మాత్రం నాటకం మొత్తం ఇందులోనే ఉంటుంది. కన్యాశుల్కం ప్రథమాంకం రెండో స్థలం చూడండి. మధురవాణి అనే వేశ్య ఇంట్లో గది. రామప్పంతులు అక్కడ ఉండగా గిరీశం తలుపు కొడతాడు. పంతులు మంచం కింద దూరతాడు. తర్వాత గిరీశాన్ని వెతుక్కుంటూ పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో దిగబడుతుంది. గిరీశం కూడా అదే మంచం కిందకు చేరతాడు. దెబ్బ మాత్రం పంతులికి తగులుతుంది. చదివేటప్పుడు నవ్వు దానంతటదే వస్తుంది. ఆడేటప్పుడు ఆ నవ్వు మంచం ఎక్కడ వేశారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

మంచాన్ని ఎగువన వెనక తెరకు ఆనించి వేస్తే, మధురవాణి, గిరీశం దాని ముందు నిలబడగానే కిందున్న పంతులు ప్రేక్షకులకు కనిపించడు. ఒక నటుడు ఇంకొకణ్ని ఇలా కప్పేయడాన్ని మాస్కింగ్ అంటారు. ఈ సీనులో సగం హాస్యం పైవాళ్ల మాటలకు కింద పంతులు మొహంలో వచ్చే మార్పుల్లో ఉంది. మొహం కనపడకపోతే అది పోయినట్టే. పోనీ అని మంచాన్ని సరిగ్గా మధ్యలో, ముందుకు తెచ్చి అడ్డంగా వేస్తే పంతులు కనిపిస్తాడు గాని మిగతా అందరూ మంచం వెనక ఇరుక్కుంటారు. బాగా పనికొచ్చేది దిగువన ఒక మూల, కాస్త ఏటవాలుగా వేయడం. తలుపు దానికి ఎదుటి పక్క ఎగువ వింగ్ దగ్గర ఉండాలి. అప్పుడు తలుపు నుంచి మంచం దాకా వేదిక అడ్డంగా నడిచే దూరం దొరుకుతుంది. పూటకూళ్ళమ్మ ఆ దూరం నడిచొచ్చే రెండు మూడు సెకన్లే గిరీశం దూరడానికి ఉన్న వ్యవధి.

దుప్పటి సంగతి కూడా ఉంది. నేల దాకా వేలాడితే పంతులు మాయం. అసలు వేలాడకపోతే గదిలోకి వచ్చిన గిరీశానికి పంతులు కనపడలేదంటే ఎవరూ నమ్మరు. గిరీశం వైపు వేలాడాలి, ప్రేక్షకుల వైపు ఎత్తి ఉండాలి. ఒక కుర్చీ నుంచి చూసేవాడి చూపు ఎక్కడిదాకా వెళ్తుందో ఆ గీతను సైట్‌లైన్ అంటారు. దాన్ని మధ్య వరసలో కూర్చుని చూసుకుంటే చాలదు, రెండు చివర్ల కుర్చీల్లోనూ కూర్చుని చూడాలి. ఇంత పనీ అయ్యాక నటులు కదలకుండా ఒక్క క్షణం ఆగితే కనిపించే బొమ్మ కంపోజిషన్. ఆ బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు వెళ్లడం మూవ్‌మెంట్. మధురవాణి తాంబూలం చుట్టడం, పంతులు మీసం దువ్వుకోవడం లాంటి చేతిపనులు బిజినెస్. కారణం లేని మూవ్‌మెంట్ నటుడి టెన్షన్‌ను బయటపెడుతుంది. సీను నిలబడిపోయిందని అటూ ఇటూ తిరిగేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఎవరి మాట ఎవరికి

నాటకంలో ప్రతి మాటకూ ఇద్దరు వినేవాళ్లు ఉంటారు: ఎదుటి పాత్ర, ప్రేక్షకుడు. ఈ ఇద్దరిలో ఎవరికి వినిపించాలి, ఎవరికి వినిపించకూడదు అన్న లెక్కను సంస్కృత నాటకం తేల్చినంత స్పష్టంగా ఇంకెక్కడా కనపడదు. అందరికీ వినిపించేది ప్రకాశం. తనలో తాను అనుకునేది స్వగతం. దగ్గర ఇతరులు ఉండగానే ఇద్దరు మాత్రం మాట్లాడుకునేది జనాంతికం. అప్పుడు నటుడు త్రిపతాక హస్తం, అంటే ఉంగరపు వేలు మడిచి మిగతావి నిటారుగా ఉంచిన చెయ్యి, అడ్డం పెడతాడు. పక్కకు తిరిగి ఒకరికి రహస్యం చెప్పడం అపవారితం. వేదిక మీద లేని మనిషితో, “ఏమంటున్నావ్?” అని అడిగి జవాబు తనే వినిపించుకుంటూ మాట్లాడేది ఆకాశభాషితం. ఒకే నటుడు నడిపే భాణం అనే రూపకం మొత్తం ఈ ఆకాశభాషితం మీదే నడుస్తుంది. సెల్‌ఫోన్‌లో మాట్లాడే సీను రాసే నేటి నాటిక రచయితలు తెలియకుండానే చేస్తున్న పని ఇదే.

పరీక్షల్లో ఎక్కువగా కలగాపులగం అయ్యేవి మూడు: మోనోలాగ్, సాలిలక్వీ, అసైడ్. ఒకే పాత్ర ఏకధాటిగా మాట్లాడే ఏ పొడుగాటి మాటైనా మోనోలాగే, పక్కన వినేవాళ్లు ఉన్నా సరే. పాత్ర ఒంటరిగా ఉండి మనసులో మాట పైకి అంటే సాలిలక్వీ. పక్కన పాత్రలు ఉండగానే వాళ్లకు వినపడనట్టు ప్రేక్షకుడికి విసిరేది అసైడ్. కన్యాశుల్కం తెర లేవగానే బొంకులదిబ్బ మీద గిరీశం ఒక్కడే వచ్చి మాట్లాడేది సాలిలక్వీ. సంభాషణల మధ్యలో ‘తనలో’ అన్న గుర్తుతో గురజాడ ఇచ్చిన మాటలు అసైడ్‌లు. మన పాత లెక్కలో ఈ రెండూ స్వగతం కిందికే వస్తాయి. అందుకే తెలుగులో జవాబు రాసేటప్పుడు స్వగతం అని రాసి ఊరుకోకుండా, పక్కన ఎవరైనా ఉన్నారా లేరా అన్నది కూడా రాయాలి.

గిరీశం ఆ మొదటి మాటల్లోనే కథకు కావలసిన సమాచారమంతా ఇచ్చేస్తాడు. పూటకూళ్ళమ్మ డబ్బు తీసుకెళ్లి వేరేచోట ఖర్చుపెట్టడం, ఆవిడతో తగువు, ఊరు వదలాల్సిన అవసరం అన్నీ అందులో ఉన్నాయి. దీన్ని ఎక్స్‌పొజిషన్ అంటారు. కొత్త రచయితలు ఇదే పనిని ఇద్దరు పనివాళ్ల చేత చేయిస్తారు: “అయ్యగారు పట్నం నుంచి వచ్చి మూడేళ్లయింది కదా” అని ఒకడు అంటే, “అవును కదా” అని రెండోవాడు. ఇద్దరికీ తెలిసిన సంగతి ఇద్దరూ చెప్పుకుంటుంటే చూసేవాడికి విసుగు. గిరీశం విషయంలో ఆ విసుగు రాకపోవడానికి కారణం, అతను సమాచారం చెబుతున్నట్టుండదు, తనను తాను సమర్థించుకుంటున్నట్టుంటుంది. చేసింది మోసమని తెలిసీ దానికి ఇంగ్లీషు ముక్కలు అద్దుతాడు. కథా తెలుస్తుంది, మనిషీ తెలుస్తాడు.

ప్రేక్షకుడు అక్కడ లేనట్టే నటులు ప్రవర్తించడం నాలుగో గోడ. వేదిక అంచున పెద్ద గోడ ఒకటి ఉందనుకుని ఆడమని 1758లో ఫ్రెంచి రచయిత దిదెరో రాశాడు. వాస్తవిక నాటకం దాన్ని నియమంగా చేసుకుంది. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ ఆ గోడను పగలగొట్టాలన్నాడు. ప్రేక్షకుడు కథలో కొట్టుకుపోకుండా, ఎడంగా ఉండి ఆలోచించాలన్నది అతని పట్టు. 1935లో మాస్కోలో చైనా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ ప్రదర్శన చూశాక ఆ ఆలోచన ఇంకా గట్టిపడింది. మన విద్యార్థి ఇక్కడ ఒకటి గమనించాలి. యక్షగానంలో, తోలుబొమ్మలాటలో ఆ గోడ మొదటి నుంచీ లేదు. తోలుబొమ్మలాటలో హాస్యగాడు కేతిగాడు కథ మధ్యలో ఊడిపడి ఊరి సంగతులు మాట్లాడి పోతాడు. లేని గోడను పగలగొట్టామని చెప్పుకోవడంలో అర్థం లేదు. కేతిగాడు చేసేదీ బ్రెహ్ట్ కోరిందీ ఒకటేనని తేల్చేయడం కూడా తొందరపాటే. బ్రెహ్ట్ లక్ష్యం రాజకీయం, కేతిగాడిది వినోదం, జనాన్ని నిద్రపోకుండా కూర్చోబెట్టడం.

ఎవరికి ఏం తెలుసు

పాత్రలకు తెలియనిది ప్రేక్షకుడికి తెలిసి ఉండటాన్ని డ్రమటిక్ ఐరనీ, నాటకీయ వైరుధ్యం అంటున్నాం. కన్యాశుల్కంలో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకిచ్చి పెళ్లి చేస్తాడు. ఆ పిల్ల మగపిల్లాడని మనకు తెలుసు, ముసలాయనకు తెలీదు. ఇక ఆయన పెళ్లికూతురి గురించి అనే ప్రతి మాటా రెండు చోట్ల రెండు రకాలుగా వినిపిస్తుంది. ఈ సంగతి ప్రేక్షకులకూ చెప్పకుండా చివర్లో బయటపెట్టి ఉంటే ఒక్కసారి ఆశ్చర్యపోయేవాళ్లు. ముందే చెప్పడం వల్ల సీను సీనుకూ నవ్వుతారు. సస్పెన్స్ అంటే దాచడం అనుకునే విద్యార్థులు ఈ రెండు పద్ధతుల్లో దేనివల్ల ఎంత లాభమో లెక్క వేసుకోవాలి.

ఇదే సూత్రంతో కన్నీళ్లు కూడా తెప్పించవచ్చు. కాళిదాసు శాకుంతలం నాలుగో అంకం మొదలయ్యే ముందు దుర్వాసుడు శపిస్తాడు. నాటకం మొత్తాన్ని తిప్పేసే ఘట్టమది, అయినా దుర్వాసుడు వేదిక మీదికి రాడు. నేపథ్యంలోంచి గొంతు మాత్రమే వినిపిస్తుంది. పూలు కోస్తున్న చెలికత్తెలిద్దరూ వింటారు, పరధ్యానంలో ఉన్న శకుంతల వినదు. శాపం సంగతి ఆమెకు చెప్పకూడదని వాళ్లు అనుకుంటారు. అక్కడి నుంచి శకుంతల సంతోషంగా చేసే ప్రతి పనీ ప్రేక్షకుణ్ని కలవరపెడుతుంది. ఇది జరిగేది అంకంలో కాదు, విష్కంభంలో. అంకాల మధ్య జరిగినవీ, జరగబోయేవీ చిన్న పాత్రల ద్వారా తెలియజేసే చిన్న సీనును విష్కంభం అంటారని నోట్సులో ఉంటుంది. అంత చిన్న చోట కాళిదాసు ఎంత బరువు పెట్టాడో నోట్సులో ఉండదు.

గ్రీకుల వైపు వెళ్తే అరిస్టాటిల్ చెప్పిన రెండు మాటలు ఇక్కడే అర్థమవుతాయి. అనుకున్నదానికి సరిగ్గా ఎదురు జరగడం పెరిపెటియా, కథ తలకిందులవడం. తెలియనిది తెలియడం అనగ్నోరిసిస్, గుర్తుపట్టడం. రెండూ ఒకేసారి జరిగితే నాటకం గొప్పగా ఉంటుందన్నాడు, సోఫోక్లిస్ ఈడిపస్‌ను ఉదాహరణగా చూపించాడు. మనకు ఉదాహరణ ఇంట్లోనే ఉంది. కన్యాశుల్కం ఏడో అంకం చివర్లో మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి వచ్చిన మధురవాణి తనెవరో బయటపడుతుంది. గిరీశం గుట్టు కూడా రట్టవుతుంది. సౌజన్యారావుకు జ్ఞానోదయం, గిరీశానికి పతనం, ఒకే చోట. ఆ పతనానికి పేరు పెట్టింది కూడా గిరీశమే: “డామిట్! కథ అడ్డంగా తిరిగింది.” పెరిపెటియాకు తెలుగులో ఇంతకంటే పొట్టి నిర్వచనం దొరకదు.

ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అనే పంచసంధులను, అంటే కథను విడగొట్టే ఐదు భాగాలను, విద్యార్థులు ఏ నాటకానికైనా అతికించాలని చూస్తారు. సంస్కృత నాటకానికి అవి సరిపోతాయి, అక్కడ ఫలం ఎవరికి దక్కాలో మొదటే తెలుసు. కన్యాశుల్కానికి నాయకుడు ఎవరన్నదే తేలనప్పుడు ఫలం ఎవరిదని సంధులు విడగొడతాం? ఇలాంటి చోట సంఘర్షణ అన్న మాట మెరుగు. ఎవరికి ఏం కావాలి, అడ్డం ఎవరు అని రాసుకుంటూ పోతే నాటకం బొమ్మ దానంతటదే గీసుకుంటుంది. దేశకాల ఐక్యాల గురించి ఒక్క మాట: క్రియ, కాలం, స్థలం ఒక్కటిగా ఉండాలనే మూడు ఐక్యాలూ అరిస్టాటిల్ పెట్టిన నియమాలని చాలా గైడ్లలో ఉంటుంది. ఆయన గట్టిగా పట్టింది క్రియైక్యాన్ని. స్థలైక్యం పదహారో శతాబ్దపు ఇటలీ విమర్శకులు చేర్చింది.

నటుడి వైపు

అభినయం నాలుగు రకాలు. శరీరంతో చేసేది ఆంగికం, మాటతో వాచికం, వేషభూషలతో ఆహార్యం, లోపలి నుంచి పుట్టే చెమట, వణుకు, కన్నీరు లాంటివి సాత్త్వికం. లోకంలో జరిగినట్టే చూపితే లోకధర్మి, శైలి చేసి చూపితే నాట్యధర్మి. శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడు రథం మీద లేడిని తరుముతూ వస్తాడు. రథం లేదు, లేడి లేదు, నటుడి ఒళ్లే రెండూ. ఒక చుట్టు నడిస్తే అడవి దాటి ఆశ్రమం వచ్చినట్టే. దీన్ని కక్ష్యావిభాగం అన్నాడు భరతుడు. సెట్టు మార్చడానికి లైట్లు ఆర్పి, చీకట్లో బల్లలు ఈడ్చే చప్పుడు జనానికి వినిపించే నాటికలు చూసినప్పుడు ఈ పాత ఉపాయం గుర్తుకు రాక మానదు.

తెలుగులో లోకధర్మి, నాట్యధర్మి రెంటి పోరూ కనిపించేది పద్యనాటకంలో. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం చదివి చివరి అక్షరం మీద రాగం అందుకుంటే హార్మోనియం వెంట పడుతుంది, జనం వన్స్‌మోర్ అంటారు, కృష్ణుడు మళ్లీ అందుకుంటాడు. దుర్యోధనుడు అంతసేపూ నిలబడి ఉంటాడు. కాంట్రాక్టర్లు పేరున్న నటులను కుదుర్చుకుని వేయించిన కాంట్రాక్టు నాటకాల రోజుల్లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు సీన్లు పంచుకుని ఆడేవాళ్లు. ఒక నటుడు ఒక పాత్ర అనే వాస్తవిక నియమం అక్కడ ఎవరికీ పట్టలేదు, జనం వచ్చింది ఫలానా గొంతు వినడానికి. బళ్ళారి రాఘవ (1880–1946) దీనికి ఎదురు నిలిచాడు. రాగం తీస్తూ పోతే పాత్ర చచ్చిపోతుందని, భావం ముందని వాదించాడు, అలాగే ఆడాడు. పాట ఆపేసి గెలిచిన నటుడిగా రాఘవకు పేరొచ్చింది నిజమే గాని, వన్స్‌మోర్ కొట్టిన జనాన్ని తెలియనివాళ్లుగా తీసిపారేయడం కూడా న్యాయం కాదు. వాళ్లు నాట్యధర్మిని ఒప్పుకున్న ప్రేక్షకులు. స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామగా వచ్చినప్పుడు ఆయన మగవాడని తెలిసీ మైమరచింది వాళ్లే. ఆడవేషాలన్నీ మగవాళ్లే వేసిన రోజుల్లో కన్యాశుల్కం చివరి అంకం ఎలా ఉండేదో ఊహించుకోండి: మగవాడు మధురవాణిగా, ఆ మధురవాణి మళ్లీ మగవేషంలో. ఆహార్యం ఎంత పని చేయగలదో, ఎక్కడ దాని పని ఆగిపోయి వాచికం అందుకోవాలో ఆ ఒక్క పాత్రలో తెలుస్తుంది.

సాత్త్వికం దగ్గరే అందరికీ ఇబ్బంది. చెయ్యి తిప్పమంటే తిప్పొచ్చు, కన్నీరు రమ్మంటే రాదు. ఏకాగ్రమైన మనసు నుంచి అది పుడుతుందని భరతుడు చెప్పాడు, మనసును అక్కడికి తీసుకెళ్లే దారి రిహార్సల్‌లో వెతుక్కోవాలి. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ పెట్టిన ఇద్దరిలో ఒకడైన స్తానిస్లావ్‌స్కీ ఆ దారి మీదే బతుకంతా పనిచేశాడు. అతను ఇచ్చిన ఉపాయాల్లో విద్యార్థికి వెంటనే అక్కరకొచ్చేది ఆబ్జెక్టివ్, అంటే ఈ సీనులో ఈ పాత్రకు ఎదుటివాడి నుంచి ఏం కావాలి అన్నది. జవాబు క్రియలో ఉండాలి. మంచం సీనులో మధురవాణి ‘కంగారుగా ఉంది’ అని రాసుకుంటే నటించడానికి ఏమీ దొరకదు. ‘గిరీశాన్ని సాగనంపాలి, పంతులు చేజారిపోకూడదు’ అని రాసుకుంటే చెయ్యడానికి పని దొరుకుతుంది. ఆవిడ గిరీశంతో అనే ప్రతి మాటా మంచం కిందున్న పంతులు కూడా వింటున్నాడని తెలిసి అంటుంది. పైకి వినపడే మాట కింద నడిచే ఈ రెండో మాటే సబ్‌టెక్స్ట్.

తెర వెనక

ఇక్కడి మాటలు త్వరగా చెప్పుకోవచ్చు. చేత్తో వాడే వస్తువులు ప్రాపర్టీలు: చీపురు, చుట్ట, చెంబు. కదలకుండా ఉండేవి సెట్టు. వెలుగు మెల్లగా పెరిగితే ఫేడిన్, తగ్గితే ఫేడౌట్, ఒక్కసారి పోతే బ్లాక్‌ఔట్. పరిషత్తు నాటికల్లో బ్లాక్‌ఔట్‌ను మరీ విరివిగా వాడేస్తున్నారు. సీను ఎలా ముగించాలో తోచనప్పుడల్లా లైటు ఆర్పేస్తే ప్రతిసారీ ప్రేక్షకుడు కథలోంచి బయటకొచ్చి ఫోను చూసుకుంటాడు. ట్రిక్కు సీన్లకు మాత్రం సురభి వాళ్ల పని వెళ్లి చూడాల్సిందే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ కుటుంబాలు తీగలు, తెరలు, పొగతో వేదిక మీదే మాయలు చేసి చూపిస్తాయి.

రిహార్సల్‌కు కూడా మెట్లున్నాయి. కూర్చుని చదువుకునేది రీడింగ్, లేచి కదలికలతో చేసేది బ్లాకింగ్ రిహార్సల్, లైట్లు, సౌండు సరిచూసుకునేది టెక్నికల్, వేషాలతో మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా ఆడేది డ్రెస్ రిహార్సల్. డ్రెస్ రిహార్సల్‌లో దర్శకుడు మధ్యలో ఆపితే దానికి ఆ పేరు తగదు. క్యూ అంటే ఇంకొకరు ఏదైనా చెయ్యడానికి గుర్తుగా పెట్టుకున్న మాట లేదా కదలిక. నటుడు తన డైలాగు మాత్రమే కాదు, దానికి ముందు ఎదుటివాడి చివరి మూడు మాటలు కూడా నేర్చుకోవాలి. గిరీశం తలుపు తట్టిన చప్పుడు పంతులికి క్యూ, పంతులు పూర్తిగా మంచం కిందకు చేరడం మధురవాణి తలుపు తీయడానికి క్యూ. రెండోది ఒక్క సెకను ముందు జరిగినా గిరీశానికి పంతులు కాళ్లు కనిపిస్తాయి, కథ అక్కడితో సరి.

ఇవన్నీ చేరే చోటు ప్రాంప్ట్ బుక్. నాటకం ప్రతి పుట పక్కన ఖాళీ కాగితం పెట్టి, కదలికలు, క్యూలు, లైటు మార్పులు పెన్సిల్‌తో రాసుకుంటారు. పెన్సిలే ఎందుకంటే రిహార్సల్ రిహార్సల్‌కీ అవి మారతాయి. ఆ పుస్తకం పట్టుకుని వింగ్‌లో నిలబడి మాట అందించేవాడు ప్రాంప్టర్. అతని పనిలో కష్టమైనది మాట అందించడం కాదు, ఎప్పుడు అందించకూడదో తెలుసుకోవడం. సౌజన్యారావు పంతులు మధురవాణి ఎవరో తెలిశాక నోట మాట రాక నిలబడితే, అది నటుడు కావాలని తీసుకున్న పాజా, డైలాగు మరిచిపోయాడా? వింగ్‌లో నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. అందుకే అనుకున్న ప్రతి పాజునూ రిహార్సల్‌లోనే లెక్కపెట్టి, ఎన్ని అంకెలో పుస్తకంలో ఆ మాట పక్కన రాసి పెట్టుకోవాలి. ఆ అంకె దాటాకే ప్రాంప్టర్ నోరు తెరవాలి.